పిలకాయలకి సాయంకాలం ఒక రెండు గంటలు వదిలితే మనదేం పోద్ది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైన పిలకాయల సంగతులే ఉండాయి. రోడ్లు, కొళాయిలు, దోమల గురించి రాసినోళ్ళు ఏమనుకోబాకండి, మీకు వచ్చే నెల.

ప్రశ్న: అన్నా, మా కాలనీలో పార్కు ఉంది కానీ వాకింగ్ చేసేవాళ్ళకి అడ్డమని పిల్లల్ని బాల్ ఆడనీరు, వాచ్‌మన్ బాల్ లాక్కుంటాడు. రోడ్డు మీద ఆడితే కార్ల వాళ్ళు తిడతారు. మావాడు చివరికి ఫోన్ పట్టుకుని మంచమెక్కేశాడు. ఎవరికి చెప్పుకోవాలి? (ఒక తల్లి, నెల్లూరు)

చెల్లెమ్మా, నీ ఉత్తరం చదివినాక మా ఇంటి దగ్గిర పార్కుకి పొయ్యొచ్చా, ఈడా అదే కథ. జారుడుబల్లకి కింద రేకు చినిగిపోతే ఇనప తీగతో బిగించి పెట్టారు, దాంతో పిలకాయలు జారడం మానేసి కింద నించి పైకి ఎక్కతాండారు, ఎవరు ముందెక్కతారా అని పందెం. ఉయ్యాలకి గొలుసులుండాయి గానీ పీట లేదు. దాని పక్కనే పెద్దోళ్ళు కసరత్తు చేసే మిషన్లు మాత్రం కొత్తవి, ఇంకా పెయింట్ కూడా పోలా. గేటు మీద బోర్డు చూస్తే బాల్ ఆడరాదు, సైకిల్ తొక్కరాదు, పచ్చిక మీద నడవరాదు. ఇంక వాళ్ళు చేసేదేంది, బెంచీ మీద కూర్చోని పేపర్ చదువుకోవాలా?

నేనూ వాకింగ్ చేసే మనిషినే, షుగర్ ఉంది, కాబట్టి వాకర్ల మీద నాకు పగేం లేదు. కాకపోతే వాకర్లకి సంఘం ఉంది, వాట్సాప్ గ్రూపు ఉంది, ఫోన్ చేస్తే లీడర్లు ఎత్తుతారు ఎందుకంటే వీళ్ళకి ఓట్లుండాయి, పదేళ్ళ పిలకాయకి ఇవేవీ లేవు కాబట్టి బోర్డు మీద 'రాదు'లన్నీ వాడి వంతుకొచ్చినాయి. నా మాటొకటే, కొత్త స్టేడియం కట్టమని ఎవర్నీ అడగబళ్ళా, ఉన్న చోటే సాయంకాలం అయిదు నించి ఏడు దాకా పిలకాయలకి వదిలెయ్యమని అడగండి. పెద్దోళ్ళం తెల్లారి నడుద్దాం, మనకెటూ తెల్లారకముందే మెలకువ వచ్చేస్తది కదా.

అసలు పార్కే లేని కాలనీ వాళ్ళు కూడా రాశారు, వాళ్ళకి చెప్పేదేందంటే ముందు మీ లేఅవుట్ కాగితం చూడండి. అప్రూవ్ అయిన లేఅవుట్ అయితే మొత్తం స్థలంలో 10 శాతం ఓపెన్ స్పేస్ కింద వదిలి మునిసిపాలిటీకి రాసియ్యాలి. కాగితంలో అది పార్కు, నేల మీద చూస్తే కంపచెట్లు, లేకపోతే ఎవరిదో షెడ్డు, ఇంకో చోట గుడి (గుడి జోలికి పోతే ఏమవుద్దో మీకూ తెలుసు, నేను ఇంతకంటే రాయను). వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడగండి, నాన్చితే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజు కట్టి కార్పొరేషన్‌కి అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబియ్యాలి. 1991లో బెంగుళూరు కేసొకటి సుప్రీంకోర్టు దాకా పొయ్యింది, పార్కుకని వదిలిన స్థలాన్ని ముఖ్యమంత్రి చెప్పాడని ప్రైవేటు నర్సింగ్ హోంకి ఇచ్చేస్తే కాలనీ వాళ్ళే కొట్లాడి గెలిచారు. ఆసుపత్రి కూడా మంచిదే కదా అంటే కోర్టు ఒప్పుకోలా, పార్కు పార్కే అనింది.

ఇంకోటి, గవర్నమెంటు స్కూళ్ళ గ్రౌండ్లు. బడి వదిలిపెట్టిన గంటకి గేటుకి తాళం పడిపోద్ది, ఆ తర్వాత పొద్దున దాకా అంత చోటూ ఖాళీ. ఒక హెడ్మాస్టర్ని అడిగితే ఆయన చెప్పింది కూడా నిజమే, గేటు తీసి పెడితే రాత్రికి మందు బాటిళ్ళు పడతాండాయి, కిటికీ అద్దం పగిలితే నా జీతంలో పట్టుకుంటారా అన్నాడు. ఆయన ఒక్కడి మీద వేస్తే ఎట్టా కుదురుద్ది. అందుకే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంది, విద్యాహక్కు చట్టం ప్రకారం దాంట్లో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, కమిటీ మొత్తంలో సగం ఆడవాళ్ళు. ఆ కమిటీలో కూర్చోని ఈ వారం ఎవరు గేటు తీస్తారు, ఎవరు తాళం వేస్తారు అని పేర్లు రాసుకుంటే ఖర్చు లేకుండా వీధికో గ్రౌండ్ వచ్చినట్టే. అయితే ఆ కమిటీ ఎలక్షన్ రోజు సంతకం పెట్టి వచ్చేయడం కాకుండా కాసేపు కూర్చోవాలి, మనోళ్ళకి ఆ ఓపిక తక్కువ.

నెల్లూరులో పెద్ద గ్రౌండ్లు లేవా అంటే ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఉంది, వీఆర్సీ గ్రౌండ్ ఉంది, కాకపోతే ఏడేళ్ళ పిల్ల ట్రంకు రోడ్డు దాటుకుని ఆడికి ఒంటరిగా పోలేదు, పోయినా ఆ రోజు ఆడ మీటింగో ఎగ్జిబిషనో ఉంటది. పిలకాయలకి కావాల్సింది అమ్మ మిద్దె మీద నించి కేకేస్తే వినపడేంత దూరంలో ఉండే చోటు.

కోరిక చెప్పుకుని రొట్టెలు మార్చుకునే రొట్టెల పండక్కి మన స్వర్ణాల చెరువు దగ్గిర చూడండి, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సొంతింటి రొట్టె, నీళ్ళలో నిలబడి జనం ఎట్టా పట్టుకుంటారో. ఆట రొట్టె ఎవరైనా పట్టుకున్నారేమో అని ప్రతిసారీ చూస్తా, ఇంతవరకు నా కంట పళ్ళా.

ప్రశ్న: మా అబ్బాయి చదివే ప్రైవేటు స్కూలు ఒక కాంప్లెక్స్‌లో ఉంది, గ్రౌండ్ లేదు, ఆరో తరగతికే రాత్రి దాకా స్టడీ అవర్స్. ఇది రూల్సులో ఉందా సార్? (ఒక తండ్రి, కావలి)

లేదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నించి అమల్లో ఉంది, దాని షెడ్యూల్లో తరగతి గదులు, తాగే నీళ్ళు, మరుగుదొడ్ల సరసనే ఆటస్థలం, లైబ్రరీ కూడా రాశారు. ఎంఈఓకి (మండల విద్యాధికారికి) రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. చేస్తే మావాడిని క్లాసులో చులకనగా చూస్తారేమో అని మీ భయం, అందుకని ఒక్కరే పోకుండా పదిమంది కలిసి సంతకాలు పెట్టండి. ఒక మాట మాత్రం అడుగుతా తమ్ముడూ, కోపం తెచ్చుకోబాక. అడ్మిషన్ రోజున ఆ స్కూల్లో నువ్వు ముందడిగిందేంది? గ్రౌండ్ ఎంతుంది అనా, పోయినేడు ర్యాంకులెన్ని అనా? కోచింగులకి ఎప్పట్నించో పేరున్న జిల్లా మనది, వాళ్ళు మనం అడిగిందే అమ్ముతాండారు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదివే మావాడు ట్యూషన్‌కి స్కూటీ కావాలని అన్నం మానేశాడు. వాళ్ళ ఫ్రెండ్సందరూ నడుపుతాండారంట. (ఒక తల్లి, వేదాయపాలెం)

అన్నం మానేస్తే రాత్రికి తింటాడులే అమ్మా. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినారు, మైనర్ బండి నడిపి తప్పు జరిగితే తల్లిదండ్రులకో బండి ఓనరుకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, ఆ అబ్బాయికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు కూడా ఇయ్యరు. ఇది చదివి వినిపించి చూడు. గంటకి 25 కిలోమీటర్లు దాటని చిన్న ఎలక్ట్రిక్ బళ్ళకి లైసెన్సు అక్కర్లేదని షాపోళ్ళు చెప్తారు, రూలు వరకు నిజమే, అయితే మినీ బైపాస్‌లో లారీ డ్రైవరుకి ఆ రూలు తెలవదు కదా. నెల్లూరు చదునుగా ఉండే ఊరు, వాడికి గేర్ల సైకిల్ కొనియ్యి, పరువు తక్కువంటే దాని రేటు చెప్పమను, స్కూటీ వాళ్ళే నోరెళ్ళబెడతారు.

ప్రశ్న: వీధి కుక్కల్ని కార్పొరేషన్ వాళ్ళు పట్టకపోతారు, మళ్ళా తెచ్చి ఆడే వదుల్తారు, ఇదేం పద్ధతి? (మూలాపేట నించి)

2023 నాటి రూల్సు ప్రకారం కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి, వాళ్ళు చేసేది అదే. స్కూళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లోపల తిరిగే కుక్కల సంగతి వేరు, 2025 నవంబరులో సుప్రీంకోర్టు వాటిని షెల్టర్లకి మార్చాలి, మళ్ళా ఆడే వదలకూడదు అని చెప్పింది. స్కూలు ఆవరణలో కుక్కలుంటే ఆ మాట ఎత్తి అర్జీ రాయండి. మీ ఇంటి ముందర ఎంగిలాకులు పారేసేది కూడా ఆపండి, కుక్క ఊరికే వచ్చి పడుకోదు. కరిస్తే మాత్రం కారం, సున్నం, కాఫీ పొడి ఏమీ పెట్టబాకండి. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి నేరుగా గవర్నమెంటు ఆసుపత్రికి పోండి, టీకా ఆడ ఉచితం. రెండు డోసులేసుకుని గాయం మానింది కదా అని మానేసేవాళ్ళు ఎక్కువమంది ఉండారు, అన్ని డోసులూ వేయించాల్సిందే.

ప్రశ్న: వానొస్తే అండర్ బ్రిడ్జిలో నీళ్ళు నిలుస్తాయి, స్కూల్ ఆటోలు ఆడే దిగబడతాయి. ఏం చెయ్యాలి? (ఆత్మకూరు బస్టాండ్ దగ్గిర ఉండే ఒకాయన)

రైలు పట్టాలు ఊరిని రెండు ముక్కలు చేసినాయి, అక్టోబరు నించి డిసెంబరు దాకా మన వానలు, ఇది కొత్తగా తెలుసుకున్న సంగతేం కాదు. మోటార్లు పెట్టి తోడతారు, అది చాలదని అందరికీ తెలుసు. మీ చేతిలో ఉన్న పని ఒకటే, ఆటో డ్రైవరు నంబరు తీసుకుని, నీళ్ళు మోకాలి దాకా ఉంటే చుట్టు తిరిగి ఫ్లైఓవర్ మీద పొమ్మని, లేటయినా ఏమనమని ముందే చెప్పి పెట్టండి. లేటయితే అరుస్తారని భయపడే వాళ్ళు నీళ్ళలోకి దించుతారు.

ప్రశ్న: అంకుల్, మా బాల్ ఎదురింటి ఆంటీ వాళ్ళింట్లో పడితే ఇయ్యదు. ఫ్రిజ్ మీద మా బాల్స్ ఆరు ఉండాయి. మేం కలెక్టర్‌కి రాస్తే ఇప్పిస్తారా? (ఆరో తరగతి, స్టోన్‌హౌస్‌పేట)

అబ్బోడా, బాల్స్‌కి కలెక్టర్ దాకా ఎందుకు, ఒక ఆదివారం అందరూ కలిసి ఆమె దగ్గిరికి పొయ్యి ఇంకమీద టెన్నిస్ బాల్‌తోనే ఆడతాం, మీ ఇంటి వైపు బ్యాటింగ్ చెయ్యం అని చెప్పండి, ఒకటి రెండన్నా ఇస్తది. కలెక్టర్‌కి రాయాల్సింది గ్రౌండ్ గురించి. మీ దగ్గిర్లో గవర్నమెంటు స్కూలు పేరు రాసి, సాయంకాలం దాని గేటు తీసి ఉంచమని మీ చేతిరాతతోనే రాయండి, ఆడుకునే పిలకాయలందరూ పేరు, తరగతి రాసి సంతకాలు పెట్టండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, ఆ రోజు మీకు బడి ఉంటది కాబట్టి అమ్మకిచ్చి పంపు. అర్జీ నంబరుతో రసీదు ఇస్తారు, అది పారేసుకోకుండా జామెట్రీ బాక్స్‌లో పెట్టుకో, తర్వాత ఏమైందని అడగాలంటే 1100కి ఫోన్ చేసి ఆ నంబరే చెప్పాలి.