మాత్ర ఆపిన మొదటి వారం బీపీ మామూలుగానే ఉంటుంది

“ఏడాదిగా బీపీకి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర వాడుతున్నాను. రోజూ నడుస్తున్నాను, ఉప్పు తగ్గించాను, ఆరు కిలోలు తగ్గాను. మందుల్ని నమ్ముకోవాలా, జీవనశైలినా? ఇక మాత్ర మానేయొచ్చా?” అని అడిగారు.

మానేయగలిగేవాళ్లు ఉన్నారు. డోసు సగానికి తెచ్చుకుని అక్కడ ఆగేవాళ్లు ఉన్నారు. ఎంత కష్టపడినా మాత్ర వదలలేనివాళ్లూ ఉన్నారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. వంశంలో వచ్చిన బీపీ, వయసుతో రక్తనాళాలు గట్టిపడి వచ్చిన బీపీ నడకతో పూర్తిగా పోవు. మీరు ఏ కోవలోకి వస్తారో పక్కవాళ్ల అనుభవం చెప్పదు, మీ చేతికి కట్టిన బీపీ మిషన్ పట్టీ చెబుతుంది. అందుకే “ఇదా, అదా” అనేదాన్ని కాసేపు పక్కన పెట్టి, ఎలా కొలవాలి, ఏ వరసలో తగ్గించాలి అన్నది చెబుతాను. చాలామంది దెబ్బతినేది అక్కడే.

ముందు మాత్ర ఆపిన వారంలో ఏం జరుగుతుందో చూడండి. ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. ఉన్న మందులో సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. సోమవారం పొద్దున వేసుకోవాల్సిన మాత్ర మానేశారనుకోండి. మంగళవారం కొలిస్తే 126/80. బుధవారం 128/80. గురువారం కూడా 130 దగ్గరే. “చూశారా, మాత్ర లేకపోయినా బాగానే ఉంది” అనిపిస్తుంది. నిజానికి ఆ అంకెల్లో ఆదివారం దాకా మింగిన మాత్రలు ఇంకా పనిచేస్తున్నాయి. శనివారానికి ధైర్యం వచ్చేస్తుంది, మిషన్ అలమారాలోకి పోతుంది. మందు దాదాపుగా ఖాళీ అయ్యేది ఎనిమిది, పది రోజులకు. బీపీ మళ్లీ పాత చోటికి ఎక్కుతుంటే అప్పటికి కొలిచేవాళ్లు లేరు. తలనొప్పి వస్తే తెలుస్తుందిలే అనుకోవద్దు. 150, 160 ఉన్నా ఒంట్లో ఏమీ తెలియకుండా తిరిగేవాళ్లే ఎక్కువ. క్లోర్థాలిడోన్ లాంటి, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు కూడా ఇలాగే మెల్లగా దిగుతాయి. అందుకని మాత్ర ఆపాకనో తగ్గించాకనో మొదటి వారం అంకెలు చూసి ఏదీ తేల్చకండి. మూడో వారం, నాలుగో వారం అంకెలే లెక్క.

ఇంకో రకం మందులు దీనికి పూర్తిగా ఎదురు. మెటోప్రొలాల్, ఎటెనొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు ఒక్కసారిగా ఆపితే గుండె వేగం ఎగబాకుతుంది. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లకు ఛాతీనొప్పి, గుండెపోటు దాకా పోవచ్చు. క్లోనిడిన్ అనే ఇంకో బీపీ మందు ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే బీపీ మందు మొదలుపెట్టకముందుకన్నా పైకి పోగలదు. మాత్ర మానేయొచ్చా అని అడిగేవాళ్లు మాత్ర పేరు కూడా చెప్పడం అందుకే తప్పనిసరి. మీరు చెప్పారు, సంతోషం. పేరు లేకుండా అడిగినా “ఆపేయండి, నేనూ ఆపేశాను” అని జవాబులిచ్చేవాళ్లను చూస్తే భయమేస్తుంది.

ఇప్పుడు కొలత. ఇంట్లో మిషన్ ఉన్నా సరిగ్గా కొలిచేవాళ్లు తక్కువ. మూత్రం వస్తున్నట్టుంటే ముందు వెళ్లిరండి. కాఫీ, టీ, సిగరెట్, నడక అయ్యాక అరగంట ఆగండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీదే కట్టాలి. పట్టీ కింది అంచు మోచేతి మడత కన్నా రెండు వేళ్లు పైన ఉండాలి. చేయి బల్ల మీద పెట్టి, పట్టీ గుండె ఎత్తుకు వచ్చేలా చూసుకోండి. చేయి కిందికి వేలాడితే అంగుళానికి సుమారు 2 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. జానెడు కిందికి ఉంటే 135 ఉన్నవాళ్లు 150 అయిపోతారు. కొలుస్తున్నంతసేపు మాట్లాడొద్దు, ఎవరు పలకరించినా సరే.

పట్టీ సైజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మిషన్‌తో వచ్చే పట్టీ అందరికీ సరిపోదు. లోపల గాలి నిండే సంచి చేయి చుట్టుకొలతలో కనీసం 80 శాతం చుట్టిరావాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ చూపిస్తుంది, దానికి అనవసరంగా రెండో మాత్ర పడుతుంది. టేపుతో భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలత తీసుకుని, పట్టీ మీద అచ్చేసిన సెంటీమీటర్లతో పోల్చుకోండి. మణికట్టుకు కట్టే మిషన్లు చేయి కాస్త అటూ ఇటూ అయినా తప్పు చెబుతాయి. మోచేతికి పైన కట్టేదే వాడండి.

పొద్దున మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక్క నిమిషం ఎడం. ఇలా ఏడు రోజులు. మొదటి రోజు అంకెలు కొట్టేసి, మిగతా ఆరు రోజుల 24 కొలతల సగటు తీయండి. నచ్చని అంకె వస్తే చెరిపేసి మళ్లీ కొలవడం, బాగా వచ్చినదాన్నే రాసుకోవడం చేయొద్దు. ఇంట్లో సగటు 135/85 అంటే ఆసుపత్రిలో 140/90తో సమానం. మీకు పెట్టుకున్న లక్ష్యం అంతకన్నా కింద ఉండొచ్చు. అది ఎంతో మీ డాక్టరును అడిగి చీటీ మీద రాయించుకోండి. ఏళ్ల తరబడి “ఇవే వాడండి” అని రాసిచ్చే చీటీల్లో ఏ అంకె కోసం వాడుతున్నామో ఉండదు. అది లేకపోతే తగ్గించే మాట ఎక్కణ్ణుంచి వస్తుంది?

జీవనశైలి బలం ఎంతో కూడా అంకెల్లోనే చూడాలి. బరువు ఒక కిలో తగ్గితే పై అంకె సుమారు ఒక పాయింటు దిగుతుంది. మీ ఆరు కిలోలకు ఆరు అనుకోండి. బీపీ ఉన్నవాళ్లు క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తే 5 నుంచి 8. 1997లో వచ్చిన డాష్ పరిశోధనలో ఉప్పు తగ్గించకుండానే పండ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువ పాల పదార్థాలు పెంచితే బీపీ ఉన్నవాళ్లకు పై అంకె సగటున 11 దాకా దిగింది. ఒక మాత్రతో దిగేదీ దాదాపు ఇంతే. కాబట్టి జీవనశైలి అంటే చిన్నచూపు వద్దు. కానీ ఇవన్నీ కూడికలా కలవవు. 6, 7, 11 కలిపితే 24 దిగిపోతుందని లెక్కేసుకుంటే నిరాశే మిగులుతుంది. 170తో మొదలైనవాళ్లకు అలవాట్లు మాత్రమే చాలకపోవడం, 145తో మొదలైనవాళ్లకు చాలడం ఇందుకే. మాత్రకు ముందు మీ బీపీ ఎంతో పాత కాగితాల్లో వెతకండి.

మీ ప్రశ్నకు దగ్గరగా వచ్చే పరిశోధన ఒకటుంది. 1998లో వెలువడిన టోన్. 60 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లు, ఒక్క మందుతో బీపీ అదుపులో ఉన్నవాళ్లు 975 మంది. అందులో వరస గమనించండి. ముందు మూడు నెలలు ఉప్పు, బరువు తగ్గించారు, మందు మానిపించే ప్రయత్నం ఆ తర్వాతే చేశారు. అలవాట్లు మార్చుకున్నవాళ్లలో మందు లేకుండా నిలబడినవాళ్లు మిగతావాళ్లకన్నా బాగా ఎక్కువ. అయినా రెండూ చేసినవాళ్లలో కూడా రెండున్నరేళ్లు తిరిగేసరికి సగానికి పైగా మళ్లీ మందుకో, పెరిగిన బీపీకో వచ్చారు. మళ్లీ మాత్ర మొదలైతే ఓడిపోయామనుకుని నడక కూడా మానేస్తారు చాలామంది. ఆ నడక వల్లే ఇప్పుడు 10 మిల్లీగ్రాముల చోట 5 సరిపోతోందని ఎవరైనా వాళ్లకు చెప్పాలి.

ఉప్పు దగ్గర మోసపోయే చోట్లు రెండు. రోజుకు 5 గ్రాములు, అంటే 2,000 మిల్లీగ్రాముల సోడియం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ప్యాకెట్ మీద సోడియం 800 మిల్లీగ్రాములని ఉంటే దాన్ని రెండున్నరతో హెచ్చించండి, 2 గ్రాముల ఉప్పు. నీళ్లలో వేస్తే బుసబుసా పొంగే పారాసిటమాల్ మాత్ర ఒక్కోదానిలో 400 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. రోజుకు నాలుగు వేసుకుంటే ఆ రోజు కోటాలో 80 శాతం దాకా అయిపోయినట్టే. రెండోది పొటాషియం కలిపిన ఉప్పు. చాలామందికి మంచిదే, బీపీ తగ్గిస్తుంది. కానీ రామిప్రిల్, ఎనలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్, స్పైరనొలాక్టోన్ లాంటి బీపీ మందులు వాడేవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు రక్తంలో పొటాషియం పేరుకుని గుండె లయ తప్పవచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ఈ మందులుంటే రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరును అడిగాకే ఆ ఉప్పు.

నడక మొదలుపెట్టినవాళ్ల మోకాళ్లు నొప్పి పెడతాయి. ఐబుప్రొఫెనో, డైక్లోఫెనాకో రోజూ మొదలవుతుంది. ఈ మాత్రలు ఒంట్లో ఉప్పునీటిని పట్టి ఉంచి బీపీ పెంచుతాయి, బీపీ మందుల పనిని తగ్గిస్తాయి. నడక వల్ల దిగిన పాయింట్లు నొప్పి మాత్ర వల్ల తిరిగొస్తాయి, తప్పు నడక మీద పడుతుంది. రామిప్రిల్ లేదా లోసార్టాన్ లాంటి మందు, మూత్రం పోయించే మాత్ర, పైన ఈ నొప్పి మాత్ర, మూడూ కలిస్తే కిడ్నీలకు ప్రమాదం. మోకాలు నొప్పిగా ఉన్నన్నాళ్లు సైకిలో ఈతో పెట్టుకోండి.

మీ విషయానికొస్తే, ఏడు రోజుల సగటు లక్ష్యం కన్నా బాగా కింద, ఉదాహరణకు 120 దగ్గర, మూడు నెలలుగా నిలబడి ఉంటే ఆ కాగితం డాక్టరుకు చూపించి 2.5 మిల్లీగ్రాములకు తగ్గించమని అడగండి. నాలుగు వారాలు గడిచాక మళ్లీ ఏడు రోజులు కొలవండి. నిలబడితే ఆపడం గురించి మాట్లాడవచ్చు, నిలబడకపోతే పాత డోసుకు వెళ్లడమే. రెండు మందులు వాడేవాళ్లు ఒకేసారి రెండూ కదపకూడదు, ఏది దేనివల్లో తెలియకుండా పోతుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రల్ని అడగకుండా విరగ్గొట్టకూడదు. ఆపాక కూడా ఏడాది పాటు నెలకో వారం కొలవండి. చలికాలంలో బీపీ పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది, కాబట్టి వేసవిలో నెగ్గిన ప్రయోగం శీతాకాలంలో విఫలం కావచ్చు.

గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, గుండె బలహీనత ఉన్నవాళ్లు, మూత్రంలో ప్రోటీన్ పోతున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్లకు ఆ మాత్ర బీపీ అంకె కోసం మాత్రమే ఇవ్వరు. మీరు మాత్ర మానాలనుకోవడానికి అసలు కారణం చీలమండల వాపు అయితే అది ఆమ్లోడిపిన్‌తో తరచూ వచ్చేదే, డోసుతో పాటు పెరిగేదే. రామిప్రిల్‌తో పొడి దగ్గు కూడా తరచూ వచ్చేదే. రెండింటికీ మందు మార్చుకునే దారి ఉంది, ఆ మాట డాక్టరుతో చెప్పండి.

బరువు తగ్గుతున్నప్పుడు ఎదురు సమస్యా వస్తుంది. లేచి నిలబడగానే కళ్లు తిరిగితే, కూర్చుని ఒకసారి, నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ కొలవండి. పై అంకె 20 పడిపోయినా, నిలబడ్డప్పుడు 100 కన్నా దిగినా డోసు ఎక్కువవుతోందేమో చూడాలి. అప్పుడు మాత్రం వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి.