లాటరీ తగలకపోయినా మిడిల్ ఫోర్క్ వెళ్లొచ్చు
అన్నా, నదిలో దిగే పర్మిట్ లాటరీ తగల్లేదని అమెరికాలోని ఐడహోలో సాల్మన్ నది పాయ మిడిల్ ఫోర్క్ మీద రాఫ్టింగ్ (గాలి పడవ) ట్రిప్ మానుకోకండి. ఆ లాటరీ సొంత బోట్లతో వెళ్లేవాళ్లకే. గైడెడ్ కంపెనీల పర్మిట్లు వేరు, వాళ్ల దగ్గర సీటు కొనుక్కుంటే చాలు.

వదినకు ఈత రాదన్నారుగా, జూన్ వద్దు. మంచు కరిగిన నీళ్లు, వేగమూ చలీ రెండూ ఎక్కువే. జులై చివర్లో చూడండి. ఆగస్టు చివరికి నీళ్లు తగ్గితే మామూలుగా బయల్దేరే బౌండరీ క్రీక్ బదులు చిన్న విమానంలో ఇండియన్ క్రీక్‌కు వెళ్లి మొదలుపెట్టాల్సి రావచ్చు.

అందరూ తెడ్డేసే రాఫ్ట్ కాకుండా గైడ్ ఒక్కరే నడిపేది అడగండి. వదిన తాడు పట్టుకుని కూర్చుంటే సరి. లైఫ్ జాకెట్ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే వదులే. వెజ్ అని బుకింగ్‌లోనే చెప్పేయండి, దారిలో కొట్లుండవు.