బ్యాటిల్ రాయల్ అయిపోయిందా, ఇప్పుడు ఏ రకం గేమ్ చేయాలి?

మీ ప్రశ్న ఇది: తమ్ముడు మహబూబ్‌నగర్‌లో బీటెక్ చదువుతూ గేములు తయారు చేయడం నేర్చుకుంటున్నాడు, బ్యాటిల్ రాయల్ (వందమంది దాకా ఒకే మైదానంలో దిగి, చివరిదాకా మిగిలినవాళ్లు గెలిచే ఆట) పని అయిపోయిందంటున్నారు, నలుగురూ కలిసి ఆడే మల్టీప్లేయర్‌లో ఏ రకం పట్టుకోవాలి?

నేను గేములు చేసేవాణ్ని కాదు. 2009 నుంచి 2019 దాకా నల్గొండ క్లాక్‌టవర్ దగ్గర ఎనిమిది కంప్యూటర్ల నెట్ సెంటర్ నడిపాను. ఏ గేమ్‌కు ఊపు ఉందో, ఏది తగ్గిపోతోందో సాయంత్రం గల్లాపెట్టె చూస్తే తెలిసిపోయేది.

మొదట్లో అంతా కౌంటర్ స్ట్రైక్ 1.6, రెండు జట్లు తుపాకులతో కాల్చుకునే ఆట. పాత పెంటియమ్ ఫోర్ మీద కూడా నడిచేది. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఒక స్విచ్చు, లాన్ కేబుళ్లు ఉంటే చాలు. గంటకు 20 రూపాయలు. రౌండు రెండు మూడు నిమిషాల్లో తేలిపోయేది కాబట్టి జేబులో పది రూపాయలున్న పాలిటెక్నిక్ పిల్లాడికీ కడుపునిండా ఆట దొరికేది. తర్వాత హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు సెలవులకొచ్చి డోటా అంటించారు, ఐదుగురేసి రెండు జట్లుగా ఒకరి కోట ఒకరు కూల్చే ఆట. చాలామందికి నచ్చింది గానీ ఒక్క మ్యాచ్‌కే ముప్పావు గంట. మధ్యలో టైమ్ అయిపోతే "అన్నా, ఇంకో పది నిమిషాలే, పైసలు రేపిస్త" అని బతిమాలేవాళ్లు. నా నోట్‌బుక్‌లో బాకీలన్నీ డోటావే. గేమ్ ఎంత బాగున్నా గంట లెక్కకు కుదరలేదు, మా దగ్గర కౌంటర్ స్ట్రైక్‌ను దాటలేకపోయింది.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, 2018 మార్చిలో ఫోన్‌లో ఆడే బ్యాటిల్ రాయల్ పబ్జీ మొబైల్. ఆ ఏడాది దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం నా సెంటర్ మెట్ల మీద నలుగురు వరసగా కూర్చున్నారు. ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టుకున్నారు, రెండో చెవి పక్కవాడి మాట కోసం. "ఇంట్ల ఒకడున్నడు, పైకి పోకుర్రి" అని ఒకడు గుసగుసగా అంటున్నాడు. ముందటేడు లోపల పక్కపక్క కుర్చీల్లో కూర్చుని అరిచింది కూడా ఆ నలుగురే. నాకు కోపం రాలేదు, గుండె బరువెక్కింది. మరుసటేడు మూసేశాను.

అందుకే ఏ రకం అని అడిగే ముందు, ఆడేవాళ్ల చేతిలో ఏముంది, ఎంతసేపు తీరిక ఉంది, స్నేహితులు ఎక్కడున్నారు అని చూడమంటాను.

ఇక బ్యాటిల్ రాయల్ సంగతి. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబర్‌లో నిషేధించారు, 2021 జూలైలో అదే బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జూలైలో స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో మళ్లీ తెచ్చారు. మా అన్న కొడుకు, వాడి జట్టు ప్రతిసారీ తిరిగి అక్కడికే వెళ్లారు. అది చచ్చిపోలేదు. కానీ కొత్తవాడు చేస్తే మాత్రం కష్టం. ఒక్క మ్యాచ్ మొదలవ్వాలంటే వందమంది ఒకేసారి దొరకాలి, రాత్రి రెండింటికైనా సరే. ఎక్కడినుంచి తెస్తాడు?

ఏ రకమైనా సరే, కొత్త ఆన్‌లైన్ గేమ్‌కు జనాన్ని తేవడం పెద్ద కంపెనీలకే కుదరట్లేదు. సోనీ 2024 ఆగస్టు 23న కాంకార్డ్ అనే హీరో షూటర్ (ఒక్కో పాత్రకు ఒక్కో ప్రత్యేక శక్తి ఉండే కాల్పుల ఆట) విడుదల చేసింది. అదే రకంలో ఓవర్‌వాచ్ 2 ఉచితంగా దొరుకుతుంటే దీనికి 40 డాలర్లు పెట్టారు. సెప్టెంబర్ 6కల్లా సర్వర్లు ఆపేసి డబ్బులు వాపసు ఇచ్చారు.

అసలు ఈ రకాల్లో చాలావరకు ఆటగాళ్లే పుట్టించారు. కౌంటర్ స్ట్రైక్ 1999లో హాఫ్ లైఫ్ అనే గేమ్‌కు ఇద్దరు కుర్రాళ్లు చేసిన మోడ్, అంటే ఉన్న గేమ్‌ను మార్చి చేసిన కొత్త ఆట. డోటా కూడా అలాగే వార్‌క్రాఫ్ట్ 3 అనే గేమ్‌లోంచి వచ్చింది. పబ్జీ చేసిన బ్రెండన్ గ్రీన్ కూడా ముందు ఆర్మా అనే సైనిక గేమ్‌కు మోడ్లు చేసినవాడే. ఉన్న గేమ్‌ను విప్పి మార్చడం మీ తమ్ముడికి మంచి చదువు అవుతుంది.

నన్నడిగితే నలుగురు స్నేహితులకు సరిపోయేది చేయమనండి. జట్టులో దాక్కున్న దొంగను పట్టుకునే అమాంగ్ అస్ 2018లోనే వచ్చింది, చిన్న జట్టు చేసింది, 2020 లాక్‌డౌన్‌లో అందరూ ఇళ్లలో ఉన్నప్పుడు పట్టుకుంది. 2023లో వచ్చిన లీథల్ కంపెనీ, స్నేహితులు కలిసి ఆడే భయం ఆట, ఒక్కడు చేసిన గేమ్. వాటికి వందమంది అపరిచితులు అక్కర్లేదు, ఒక జట్టు కూడితే ఆట మొదలైపోతుంది.

గేమ్ ఒక దారికి వచ్చాక హాస్టల్ గదిలో నలుగురి మామూలు ఫోన్లలో వేసి, పక్కన నిలబడి ఏమీ చెప్పకుండా చూడమనండి. మ్యాచ్ అయ్యాక "ఇంకొక్కటి రా" అని ముందు ఓడిపోయినవాడు అన్నాడా, గెలిచినవాడు అన్నాడా, అసలు ఎవరైనా అన్నారా, అది రాసుకోమనండి.