బాత్‌రూమ్ ద్వారబంధం అడుగున చెక్క మెత్తబడితే ఏం చేయాలి?

ద్వారబంధం అడుగున రంగు పొంగిందనీ, వేలితో నొక్కితే చెక్క లోపలికి దిగుతోందనీ, అది చెదో కుళ్లో తెలియడం లేదనీ రాశారు. మొత్తం ద్వారబంధాన్ని మార్చాలా అని కూడా అడిగారు. సరిగ్గా ఇదే చోట మా ఇంట్లో రెండుసార్లు తప్పుడు మరమ్మతు చేయించి, మూడోసారికి గానీ అసలు కారణం కనిపెట్టలేకపోయాను కాబట్టి, ఆ అనుభవంతోనే సమాధానం రాస్తున్నాను.

ముందుగా చెద సంగతి తేల్చుకోవాలి. చెద తిన్న చెక్కలో నార వెంబడి పొడవాటి సొరంగాలు, వాటిలో మట్టి కనిపిస్తాయి. కుళ్లిన చెక్కలో మట్టి ఉండదు. కుళ్లుకు కారణం శిలీంధ్రం. చెక్క ముదురు గోధుమ రంగుకు తిరిగి, నిలువుగానూ అడ్డంగానూ పగిలి, పాచికల్లాంటి ముక్కలుగా విడిపోతుంటే, శిలీంధ్రం చెక్కలోని పీచు పదార్థమైన సెల్యులోజ్‌ను తినేసి, ఆ పీచును అతికి పట్టి ఉంచే లిగ్నిన్‌ను వదిలేసిందని అర్థం. పాలిపోయి పీచులా తయారైతే లిగ్నిన్ కూడా పోయినట్టే. అయితే తడిసిన చెక్కకు చెద కూడా తొందరగా పడుతుంది కనుక రెండూ ఒకేచోట ఉండడం అరుదేమీ కాదు.

పైకి కనిపించే రంగును మాత్రం నమ్మవద్దు. మా ద్వారబంధం నున్నగా మెరుస్తూనే ఉండేది. వడ్రంగి నేలకు జానెడు ఎత్తులో స్క్రూడ్రైవర్ మొన ఆనించి అరచేత్తో మెల్లగా తోసేసరికి, రంగు పొర గుడ్డు పెంకులా చిట్లి, మొన రెండు అంగుళాలు లోపలికి దిగిపోయింది. బయటికి తీస్తే దాని వెంట తడి కాఫీపొడి లాంటి ముద్ద వచ్చింది. కుళ్లు అంత ముదరకముందే పట్టుకోవాలంటే అదే మొనతో చిన్న పేడు లేపి చూడాలి. గట్టి చెక్క అయితే పేడు పొడవుగా చీలుతూ లేస్తుంది. కుళ్లు మొదలైన చెక్క అయితే మొన దగ్గరే పుటుక్కున విరుగుతుంది. సుత్తి పిడితో తట్టినప్పుడు గుల్లగా మోగే చోట్లను కూడా ఇలాగే పరీక్షించాలి. తేమ కొలిచే మీటరు దొరికితే మరీ మంచిది. 20 శాతానికి లోపల ఉన్న చెక్కలో సాధారణంగా కుళ్లు మొదలవదు. దాదాపు 30 శాతానికి చేరేసరికి చెక్క కణాల గోడలు నీటితో నిండిపోతాయి, అక్కడి నుంచి శిలీంధ్రానికి అడ్డు ఉండదు. పూర్తిగా నీటిలో మునిగి ఉన్న దుంగ ఏళ్ల తరబడి చెక్కుచెదరకపోవడం వింతగా అనిపిస్తుంది గానీ, శిలీంధ్రానికి గాలి కూడా కావాలి. అందుకే తడుస్తూ, సగం ఆరుతూ, మళ్లీ తడిసే చోటే చెక్కకు ముప్పు ఎక్కువ.

నేను చేసిన తప్పు ఇది: మెత్తబడిన భాగాన్ని గీకించి, గుంతను లప్పంతో పూడ్పించి, వారం తిరక్కుండా రంగు వేయించాను. తడి లోపలే చిక్కుకుపోయింది. మరుసటి ఏడాదికి లప్పం ముద్దగా ఊడి చేతికి వచ్చింది. అయినా బుద్ధి రాక మళ్లీ అదే చేయించాను. మూడోసారి నేల మీద చెంబెడు నీళ్లు పోసి ఎటు పారుతాయో చూశాం. నీరు జాలీ వైపు కాకుండా గుమ్మం వైపే వచ్చి, ద్వారబంధపు కాలు సిమెంటులో దిగిన చోట నిలిచింది. చెక్క కోసిన కొన నుంచి నీటిని పీల్చినంత వేగంగా పక్కల నుంచి పీల్చదు. మా ద్వారబంధానికి ఆ కొనే, రంగు కూడా లేకుండా, నీటిలో నిలబడి ఉంది.

అప్పుడు నేల వాలు సరిచేయించి, కుళ్లు కనిపించిన చోటుకు ఇంకో అడుగు పైదాకా కాలును కోయించి, కింద రాతి దిమ్మె పెట్టించి, దాని మీద బాగా ఆరిన చేవ ముక్కను, అంటే మాను నడిమి గట్టి చెక్కను, అతికించాం. ఎంత మంచి జాతి కలప అయినా బెరడును ఆనుకుని ఉండే లేత చెక్క కుళ్లుకు తట్టుకోదు కాబట్టి, కొనేటప్పుడు చేవనే అడిగి తీసుకోవాలి. కోసిన కొనలకు బిగించక ముందే ప్రైమర్ రెండు పూతలు పట్టించాలి. ఈ ఒక్క పనిని వడ్రంగి, రంగు వేసేవారు ఒకరి మీద ఒకరు వదిలేస్తారు, దగ్గరుండి చేయించండి. మిగిలిన పాత చెక్కకు బోరేట్ (బోరాన్ లవణం) ద్రావణం పూయించాను. అది తేమ వెంట లోపలికి చొచ్చుకుపోయి శిలీంధ్రాన్ని అణుస్తుంది గానీ, పోయిన బలాన్ని తిరిగి తేలేదు. పైగా నీటికి కరిగి కొట్టుకుపోయే గుణం ఉన్నందున, ఆరాక దాని మీద రంగు తప్పదు.

కిటికీలకూ ఇదే వర్తిస్తుంది. కింది చెక్క బయటికి వాలుగా ఉండాలి, దాని అడుగున అంచుకు దగ్గరగా నీరు జారిపడేందుకు సన్నని గాడి ఉండాలి.

ఇక మొత్తం మార్చాలా అన్న ప్రశ్నకు: కుళ్లు ద్వారబంధపు కాలి అడుగు భాగానికే పరిమితమై, కీళ్లు బిగించిన చోట మరలు గట్టిగా పట్టి ఉంటే కింది ముక్క మార్చితే చాలు. కింది కీలు దాకా చెక్క మెత్తబడితే తలుపు బరువును అది మోయలేదు, ద్వారబంధం మార్చించండి. ఏది చేసినా ముందు నేల మీద ఒక చెంబెడు నీళ్లు పోసి చూడండి.