వడ్డీ లేని అడ్వాన్సు ఎంత ఖరీదో లెక్కేశారా?

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఉంటాం. పెళ్లిళ్లకు, చర్చి ఊరేగింపులకు బ్యాండులో యూఫోనియం, ట్యూబా అనే ఇత్తడి బాకాలు వాయిస్తాను. రెండు ప్రైవేటు స్కూళ్లలో బ్యాండు నేర్పితే నెలకు 8,000, 7,000 ఇస్తారు. వేసవి రెండు నెలలు జీతం ఉండదు. మొదటి స్కూలు పది శాతం పన్ను పట్టుకుంటోంది. ఇంటికొచ్చే పిల్లల ఫీజు నెలకు 4,000. ఏడాదికి 80 ప్రోగ్రాములు, ఒక్కోదానికి 1,500. క్రిస్మస్ రోజుల్లో 30,000 వస్తుంది. ఇంటి ఖర్చు నెలకు 26,000. ఆషాఢంలో చేతిలో డబ్బు ఆడక బ్యాండు ఓనరు దగ్గర 25,000 అడ్వాన్సు తీసుకుంటాను. వడ్డీ లేదు. అడ్వాన్సు తీసుకోనివాళ్లకు మాత్రం ప్రోగ్రాముకు 1,900 ఇస్తాడు. సొంత ట్యూబా ఉంటే ఏడాదిలో ఓ 40 ప్రోగ్రాములకు 500 చొప్పున ఎక్కువొస్తుంది. 1,60,000 అప్పు చేసి కొనమంటారా? మాలాంటి వాళ్లకు పెన్షన్ ఏమైనా ఉందా?

జవాబు: మాస్టారూ, మీ దిగులంతా ట్యూబా గురించి. నా కన్ను మాత్రం అడ్వాన్సు మీద పడింది. ప్రోగ్రాముకు 400 తక్కువ అంటే, 80 ప్రోగ్రాములకు 32,000. ఓనరు ఇచ్చిందే 25,000, అదీ సీజన్‌లో మళ్లీ పట్టుకుంటాడు. తీసుకున్నదానికన్నా ఎక్కువ వదులుకుంటూ వడ్డీ లేదనుకుంటున్నారు! ఇంట్లో నగ ఉంటే బ్యాంకులో పెట్టి అదే 25,000 తెచ్చుకోండి. నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా ఏడాదికి 3,000. ఓనరుతో తగవు పెట్టుకోమనడం లేదు. బాకీ తీరిన రోజున, ఇకపై రేటు అందరితో సమానమని మాట తీసుకోండి. ముహూర్తాల రద్దీలో ట్యూబా వాయించే మనిషి అంత తేలిగ్గా దొరకడని ఆయనకూ తెలుసు.

ఇక ఏడాది లెక్క. రాబడి 3,48,000, ఖర్చు 3,12,000. 36,000 మిగలాలి. మిగలడం లేదంటే దుబారా చేస్తున్నారని కాదు, డబ్బు వచ్చే నెలలు వేరు, అవసరపడే నెలలు వేరు. 2026నే చూడండి. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, పెళ్లిళ్లు లేవు. చాలారోజులు బడులకూ సెలవులే. నిజ జ్యేష్ఠం దాటగానే ఆషాఢం. అయితే ఏ నెల ఖాళీయో ఉగాది పంచాంగంలోనే రాసి ఉంటుంది.

రెండో బ్యాంకు ఖాతా తెరిచి, వచ్చిన ప్రతి రూపాయీ అందులోనే వేయండి. ప్రతి నెలా ఒకటో తేదీన అందులోంచి 26,000 ఇంటి ఖాతాకు పంపండి, అదే మీ జీతం. రేటు సరైతే ఏడాది మిగులు 68,000 అవుతుంది. అందులో మొదటి 52,000, అంటే రెండు నెలల జీతం, ఖాళీ నెలలకని పక్కన పెట్టండి. అది పోగయ్యాక అడ్వాన్సూ అక్కర్లేదు, తాకట్టూ అక్కర్లేదు.

పన్ను పేరుతో స్కూలు పట్టుకున్నది ఏడాదికి 8,000. మీ ఆదాయానికి పన్నే పడదు, రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కొస్తుంది. ముందు మీ పాన్ మీద ఆ మొత్తం జమైందో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ సైటులో చూడండి. లేకపోతే స్కూలు అకౌంటెంటును అడగాలి. రిటర్న్ కాగితంతో ఇంకో పనీ ఉంది. ముందు పళ్లు దెబ్బతిన్నా, పెదవి చీలినా మీ వాయిద్యం ఆగిపోతుంది. అర్ధరాత్రి ప్రోగ్రాము ముగించి హైవే మీద బండిలో వచ్చే మనిషికి ఇది ఉత్త భయం కాదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా తప్పక తీసుకోండి, కానీ అది మరణానికి, శాశ్వత వైకల్యానికే ఇస్తుంది. కోలుకునే వారాలకు డబ్బిచ్చే ప్రమాద బీమా విడిగా ఉంటుంది, దానికి ఆదాయ రుజువు అడుగుతారు, ఆ రిటర్న్ అక్కడ పనికొస్తుంది.

పెన్షన్ విషయం. రాష్ట్రంలో డప్పు కళాకారులకు పెన్షన్ ఉంది, బ్యాండువాళ్లకు ఆ జాబితాలో చోటు లేదు. చేతివృత్తులవాళ్లకు కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లోనూ వాద్యకారులు లేరు. మీకు దొరికేది అటల్ పెన్షన్ యోజన. 40 దాటితే చేర్చుకోరు. 35 ఏళ్లకు చేరితే నెలకు 902 కట్టాలి, 60 తర్వాత నెలకు 5,000 వస్తుంది. పాతికేళ్ల తర్వాత ఆ 5,000కు ఏమొస్తుందని అడిగితే నిజమే, చాలదు. అందుకే పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) అనే పొదుపు ఖాతా కూడా తెరవండి. ఏడాదికి 500 నుంచి 1,50,000 దాకా, నెలనెలా కట్టాలన్న నియమం లేదు. మాఘంలో నాలుగు డబ్బులు కనబడినప్పుడు వేయొచ్చు. ఐదో తేదీలోపు వేస్తే ఆ నెల వడ్డీ కూడా కలుస్తుంది.

ట్యూబా మాత్రం అప్పు మీద వద్దు. 14 శాతం వడ్డీకి మూడేళ్ల లోను అనుకుంటే వాయిదాలే ఏడాదికి 65,000 దాటతాయి, అది తెచ్చేది 20,000. దానికన్నా ముందు, సంగీతంలో మెట్టుమెట్టుగా సర్టిఫికెట్లిచ్చే ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల గ్రేడ్ పరీక్ష ఒకటి రాయండి. యూఫోనియంకు కూడా ఉంది, వీడియో తీసి పంపే పద్ధతీ ఉంది. ఆ సర్టిఫికెట్ చేతిలో ఉంటే జూన్‌లో బడులు తెరిచేటప్పుడు జీతం పెంచమని అడగడానికి మీకు నోరు వస్తుంది.