టెక్ సందేహాలు: ఆఫీసు జపనీస్‌కు ఏ సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది?

ప్రశ్న: జపాన్‌లో మాస్టర్స్ చేసి, జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్2 స్థాయి పాసై తిరిగి వచ్చాను. ప్రస్తుతం శ్రీసిటీలోని ఒక జపాన్ కంపెనీలో పనిచేస్తున్నాను. అక్కడ స్నేహితులతో ధారాళంగా మాట్లాడేదాన్ని. ఇక్కడ క్లయింట్ ఫోన్ చేసినా, ఈమెయిల్ రాయాల్సి వచ్చినా తడబడుతున్నాను. ఈ లోటు తీర్చే యాప్ ఏదైనా ఉందా? – ఒక పాఠకురాలు, తడ

జవాబు: ఒక్క యాప్‌తో తీరే లోటు కాదు ఇది. యూనివర్సిటీలో మీకు అలవాటైంది స్నేహితుల మధ్య మాట, మహా అయితే ల్యాబ్‌లో వాక్యం చివర ‘దెసు, మాసు’లతో సాగే మర్యాద భాష. ఉద్యోగంలో కావలసింది కేయిగో, అంటే ఎదుటివారి పనిని హెచ్చించడానికి, మన పనిని తగ్గించి చెప్పడానికి వేర్వేరు క్రియలు వాడే గౌరవ భాష. జేఎల్‌పీటీలో అత్యున్నతమైన ఎన్1 వరకు ఏ స్థాయిలోనూ మాట్లాడే పరీక్ష గానీ, సొంతంగా వాక్యం రాసే పరీక్ష గానీ లేదు కాబట్టి, ఎన్2 పాసైనవారికి ఫోన్ దగ్గర నోరు పెగలకపోవడం సహజమే.

మీకు దొరికే అత్యుత్తమ పాఠ్యపుస్తకం మీ ఇన్‌బాక్స్‌లోనే ఉంది. జపాన్ సహోద్యోగులు క్లయింట్లకు రాసిన ఈమెయిళ్ల నుంచి మీకు తట్టని వాక్యాలను మాత్రమే ఏరి, పేర్లు, ధరలు, ఉత్పత్తుల వివరాలు తీసేసి, కార్డులు మళ్లీ మళ్లీ చూపించి గుర్తుపెట్టించే ఆంకీ అనే యాప్‌లో కార్డులుగా చేసుకోండి. ఆంకీ కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితం. ఐఫోన్ యాప్‌కు మాత్రం డబ్బు కట్టాలి. డెక్ (కార్డుల కట్ట) ఆప్షన్స్‌లో ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే పద్ధతిని ఆన్ చేస్తే, మీరు ఎంత త్వరగా మరచిపోతున్నారో లెక్కగట్టి ఆ ప్రకారం కార్డులను మళ్లీ చూపిస్తుంది. కార్డు ముందు వైపు పదం రాయకండి, సందర్భం రాయండి. ఉదాహరణకు, ‘మన మేనేజర్ తనాకా కోసం క్లయింట్ ఫోన్ చేశారు, ఆయన సీటులో లేరు’ అని తెలుగులో రాసుకుని, వెనుక వైపు ‘తనాకా వా తదాయిమ సెకి ఒ హజుషితె ఓరిమాసు’ అన్న జవాబు పెట్టుకోండి.

ఈ ఒక్క వాక్యాన్ని కాస్త నిదానంగా చూడండి. తెలుగులో బయటివారితో మాట్లాడేటప్పుడు కూడా ‘మా మేనేజర్ గారు లేరండి’ అంటాం. గారు తీసేస్తే తప్పుపడతారు. జపాన్‌లో క్లయింట్ ఎదుట మీ మేనేజర్ మీ పక్షం మనిషి కాబట్టి, ఆయన పేరు చివర ‘సాన్’ పోయి, ఆయన గురించి వాడే క్రియ కూడా తగ్గింపు రూపంలోకి (ఇక్కడ ‘ఓరిమాసు’) మారుతుంది. అదే మేనేజర్‌తో నేరుగా మాట్లాడేటప్పుడు ‘సాన్’ లేదా హోదా పేరు తిరిగి వస్తుంది. ఎవరు ఎవరి పక్షమో చెప్పకుండా వాక్యాన్ని అనువాద యాప్‌లో పెడితే, దానికి ఈ తేడా తెలిసే దారి లేదు. మన తెలుగువాళ్లు ఎక్కువగా జాగ్రత్తపడాల్సిన చోటు ఇదేనని నా అభిప్రాయం.

ఏఐ చాట్‌బాట్‌ను ఫోన్ సంభాషణ సాధనకు నిస్సంకోచంగా వాడుకోవచ్చు. అయితే మీరెవరు, అవతల ఉన్నది ఎవరు, మాట ఎవరి గురించి అన్న మూడు సంగతులూ ముందే చెప్పండి; సంభాషణ పూర్తయ్యేదాకా తప్పులు దిద్దవద్దని కూడా చెప్పండి. అది ఇచ్చిన వాక్యం ఒక్కోసారి అతి మర్యాదతో ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి, క్లయింట్‌కు పంపే ముందు జపాన్ సహోద్యోగికి చూపించడం మంచిది. కంపెనీ ఈమెయిల్‌ను ఉన్నది ఉన్నట్టుగా ఉచిత చాట్‌బాట్‌లోనో, అనువాద సైట్‌లోనో ఎప్పుడూ అతికించకండి.

ఏ నామవాచకం పక్కన ఏ క్రియ వస్తుందన్న అనుమానాన్ని తీర్చడానికి జపాన్ జాతీయ భాషా పరిశోధన సంస్థ నిన్‌జాల్ వారి ఎన్ఎల్‌బీ అనే ఉచిత వెబ్ సాధనం ఉంది. సుమారు 10 కోట్ల పదాల రచనల భాండాగారంలో వెదికి, మీరిచ్చిన మాటతో కలిసి వచ్చే క్రియలను ఎన్నిసార్లు వచ్చాయో లెక్కతో సహా చూపిస్తుంది. చాట్‌బాట్ మాటను సరిచూసుకోవడానికి నేను దీన్నే ముందుగా సిఫార్సు చేస్తాను.

ఉచ్చారణ విషయంలో దీర్ఘాలు, ద్విత్వాలు తెలుగువారికి పెద్ద కష్టం కాదు, మన భాషలో అవి ఉన్నాయి కాబట్టి. ఇబ్బంది పెట్టేది స్వరం ఎగుడుదిగుడు. టోక్యో మాటలో ‘హషి’ అన్నప్పుడు మొదటి అక్షరం పైకి ఉంటే తినడానికి వాడే పుల్లలు, రెండోది పైకి ఉంటే వంతెన. ఓజాడ్ అనే ఉచిత సైట్‌లోని సుజుకి-కున్ పేజీలో మీ వాక్యం అతికిస్తే, స్వరం ఎక్కడ లేచి ఎక్కడ దిగాలో గీత గీసి చూపించి, చదివి వినిపిస్తుంది కూడా. మీ గొంతును ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, రెండూ పక్కపక్కన వినండి.

పరీక్ష రాయాలనిపిస్తే, ఎన్1తో పాటు బీజేటీ అనే బిజినెస్ జపనీస్ పరీక్ష గురించి కూడా ఆలోచించండి. 800 మార్కులకు జరిగే ఈ కంప్యూటర్ పరీక్షలో పాస్, ఫెయిల్ ఉండవు. 600, ఆపైన వస్తే అత్యున్నతమైన జే1 ప్లస్ స్థాయి ఇస్తారు. ఇందులోనూ మాట్లాడే భాగం లేదు కానీ, ప్రశ్నలన్నీ ఆఫీసు సందర్భాల చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: జపాన్‌లో చదివేటప్పుడు బ్రౌజర్‌లో జపనీస్ మాటలకు అర్థాలు చూపించే యోమిచాన్ వాడేవాడిని. ఇప్పుడు దానికి బదులు ఏది వాడాలి? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: యోమిచాన్ అభివృద్ధి 2023లో ఆగిపోయింది. దాని వారసత్వంగా వచ్చిన యోమితాన్‌ను క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింటిలోనూ ఉచితంగా వేసుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేయగానే అర్థాలు కనబడకపోతే కంగారు పడకండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి నిఘంటువులను విడిగా చేర్చుకోవాలి. ఆంకీతో అనుసంధానించుకుంటే, చదువుతున్న వాక్యం నుంచే కార్డు తయారవుతుంది.