గండికోట దగ్గర ఏటీవీ తిప్పాలనుంది, ఇంజిన్‌కు లక్ష పెట్టొచ్చా?

ప్రశ్న: మాది జమ్మలమడుగు. వయసు 34, కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌ను. నెలకు 28,000 వస్తుంది, ఇద్దరు పిల్లలు. బెంగళూరు దగ్గర మూతపడిన ఒక రిసార్టు నుంచి పాత యమహా బ్లాస్టర్ ఏటీవీ (మట్టిదారుల్లో తిప్పే నాలుగు చక్రాల బండి) 90,000కు కొన్నాను. టూ స్ట్రోక్ బండి, ఇంజిన్ పట్టేసింది. గండికోట దారిలో మా మామ పొలంలో ట్రాక్ వేసి, 15 నిమిషాలకు 300 చొప్పున తిప్పాలని ఆలోచన. మామూలుగా బాగు చేస్తే 38,000, 240 సీసీ కిట్టు, పెద్ద కార్బరేటర్, రేసింగ్ సైలెన్సర్ వేస్తే 1,12,000 అవుతుందన్నారు. నా భార్య గాజులు బ్యాంకులో పెడితే 10 శాతం వడ్డీకి 80,000 వస్తాయి. మిగతా 32,000 తెలిసినాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. బ్యాంకులో 60,000 ఉన్నాయి. లక్ష రూపాయల చీటీ ఆగస్టులో అయిపోతుంది. ఇప్పుడే పాడితే 18,000 పోతాయి. కేంద్రం 2024లో గండికోటకు 77.91 కోట్లు మంజూరు చేసింది, జనం పెరుగుతారు కదా. శని ఆదివారాలు కలిపి వారానికి 12 రైడ్లు పడినా ఏడాదికి 1,87,200. దిగమంటారా?

జవాబు: 38,000 పనికి సరే, అది కూడా చీటీ డబ్బు చేతికి వచ్చాకే. 1,12,000 పనికి వద్దు.

మీ గుణకారంలో తప్పు లేదు, 52 వారాలు అనుకోవడమే తప్పు. ఏప్రిల్, మే నెలల్లో పెన్నా లోయ అంచున బండరాళ్ల మీద కాలు పెట్టలేం, ఇక రైడుకు ఎవరొస్తారు? అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా 20 వారాలు వేసుకోండి. 240 రైడ్లు, 72,000 రాబడి. ఇంజిన్ తిరిగేది 60 గంటలు. ఈ 60 మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నా జవాబంతా దాని మీదే ఉంది.

టూ స్ట్రోక్ ఇంజిన్ గంటల లెక్కన అరుగుతుంది. ఏటీవీకి గంటల మీటరు పెట్టుకునేది అందుకే. పిస్టన్, రింగులు అరిగిపోయే సరుకు. ఎవరెవరో వచ్చి యాక్సిలరేటర్ తెగ నొక్కే అద్దె బండిలో ఇంకా త్వరగా అరుగుతాయి. కాబట్టి తిరిగిన ప్రతి గంటకూ 300 రూపాయలు పక్కన పెట్టాలి: 200 వచ్చేసారి పిస్టన్ కిట్టుకు, బోరుకు, 100 క్రాంకు, బేరింగులు, టైర్లకు. నేను ఉజ్జాయింపుగా వేసిన లెక్క ఇది, మీ మెకానిక్‌ని అడిగి సవరించుకోండి. ఏడాదికి 18,000 అవుతుంది. పెట్రోలు లీటరు 110 లెక్కన, టూ స్ట్రోక్ బండ్లకు వేసే టూటీ ఆయిల్‌తో కలిపి గంటకు 375 అనుకుంటే 22,500. సహాయానికి ఉండే కుర్రాడికి రోజుకు 500, 40 రోజులకు 20,000. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 11,500.

ఇప్పుడు అప్పు చూడండి. గాజుల మీద వడ్డీ ఏడాదికి 8,000. నూటికి రెండంటే 24 శాతం, 32,000 మీద 7,680. మొత్తం 15,680. బండి సంపాదన వడ్డీకే చాలదు, అసలు మాట దేవుడెరుగు. పైగా గాజులు మీ ఇద్దరివీ కాదు, ఆమెవి. ఆమెను అడిగారని ఉత్తరంలో ఎక్కడా లేదు.

74,000 అదనంగా పెట్టి ఏం కొంటున్నారో కూడా చెప్పాలి. బ్లాస్టర్ అసలు ఇంజిన్ 195 సీసీ, 66 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), గాలితో చల్లబడే రకం. రేసింగ్ సైలెన్సర్ బలం ఇచ్చేది ఇంజిన్ గట్టిగా తిరిగేటప్పుడు. మీ పొలంలో కుటుంబాలు నడిపేది రెండో గేరులో, అక్కడ ఆ బలం రాదు. పెద్ద బోరు వేస్తే వేడి ఎక్కువ, పెట్రోలు ఎక్కువ. ఎంత బలమైన బండైనా 300 టికెట్టు 350 కాదు. ఇంకో నష్టం కంటికి కనబడదు. మామూలు సిలిండర్‌ను 0.25 మిల్లీమీటర్ల చొప్పున పెంచుకుంటూ మళ్లీ మళ్లీ బోరు చేయించుకోవచ్చు. ముందే పెద్ద కిట్టుకు పోతే ఆ మిగులంతా ఒకేసారి ఖర్చయిపోతుంది. రేపు అమ్మబోతే, కెలికిన ఇంజిన్‌కు ఎవరూ ఎక్కువ ఇవ్వరు.

ఇంతకంటే తక్కువ ఖర్చుతో రాబడి పెంచే దారి ఉంది. రైడ్లు పెంచడమే. వారానికి 24 అయితే రాబడి 1,44,000, కుర్రాడి జీతం మాత్రం పెరగదు. మిగులు 43,000. జనం పెరుగుతారన్న మీ ఆశ నిజమైతే ఇక్కడ పనికొస్తుంది. అయితే అప్పుడు కొత్త ఫోర్ స్ట్రోక్ ఏటీవీలతో ఇంకొకరు కూడా దిగుతారు, అదీ మనసులో పెట్టుకోండి.

రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కకూడదు, ట్రాలీ మీదే తరలించాలి. మోటారు బీమా వర్తించదు కాబట్టి ట్రాక్ మీద దెబ్బలకు పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఎంతవుతుందో ముందు అడగండి. పైన 11,500లో అది కలపలేదు. పాలసీ దొరక్కపోతే టికెట్టు పెట్టి తిప్పొద్దు. ఒక్క ప్రమాదం మీ ఇంటి మీదికి వస్తుంది. పంచాయతీ, పర్యాటక శాఖల అనుమతి కాగితం మీద ఉండాలి. బ్యాంకులో ఉన్న 60,000 మీ రెండు నెలల జీతానికి కాస్త ఎక్కువ, అంతే, దాన్ని ముట్టుకోకండి.

చీటీ ఇప్పుడే పాడి 18,000 పోగొట్టుకోవద్దు. ఆగస్టులో డబ్బు వచ్చినా అక్టోబరుకు టైముంది. ఈలోగా ఇంజిన్ దించి, ఎందుకు పట్టేసిందో తేల్చండి. ఆయిల్ పంపు పని చేయకపోయి ఉండొచ్చు, క్రాంకు సీళ్ల దగ్గర గాలి లాగుతూ ఉండొచ్చు. కారణం తెలియకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ మొదటి వారమే పట్టేస్తుంది. పరీక్ష సులభం. కార్బరేటర్, సైలెన్సర్ రంధ్రాలు మూసి, లోపలికి 6 పీఎస్ఐ గాలి ఎక్కించి, 6 నిమిషాలు నిలుస్తుందా చూడాలి. డాక్టర్ల బీపీ మిషన్ బల్బుతోనే కొడతారు కొందరు, 300 గీత దగ్గర దాదాపు అంతే పీడనం. ప్రొద్దుటూరులో ఆర్‌ఎక్స్ 100లు విప్పిన పాత మెకానిక్‌లకు ఈ రకం ఇంజిన్ కొత్త కాదు.

సామాన్లు బయటినుంచి రావాలి, కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు 38,000లో ఉన్నాయా అని అడిగి రాయించుకోండి. పిస్టన్ చేతికి రాకముందు సిలిండర్‌ను లేత్ షాపుకు ఇవ్వొద్దు. పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గట్టు బోరు కొట్టాలి.